మొహం ఒకరిది... సొమ్ము ఇంకొకరిది!

జూన్ నెల వచ్చిందంటే పిల్లలకి పుస్తకాల సంచి కొనడం పెద్ద పని కాదు. దాని మీద ఏ బొమ్మ ఉండాలో తేల్చడమే పెద్ద పని! సంచి, నీళ్ల సీసా, కంపాస్ బాక్సు, టిఫిన్ డబ్బా... ఏది చూసినా సినిమా బొమ్మే. ఇదంతా టీవీలొచ్చాక పుట్టిన వ్యాపారమని అనుకుంటాం. కానీ సినిమాకి ఇంకా మాటలు రాని రోజుల్లోనే, అంటే మూకీల కాలంలోనే ఇది మొదలైంది. బొమ్మలు, పాటలు, పోటీలు, బహుమతులు... ఇవాళ మనం చూస్తున్న హంగామాలో చాలా మటుకు అప్పుడే పుట్టింది. ఆ డబ్బు ఎవరికి చెందాలన్న తగవు కూడా!

1920లలో అమెరికాలోని కిరాణా కొట్లలో ఒక పిల్లాడి పేరుతో వేరుసెనగ వెన్న డబ్బాలు అమ్మేవారు. పెద్ద పెద్ద కళ్లు, చెవుల మీదికి పడే జుట్టు, నెత్తిన ఓ టోపీ... చూడగానే ఎత్తుకోవాలనిపించే మొహం. ఒక్క వెన్నేనా! ఆ పిల్లాడి పేరుతో బొమ్మలు, ఈలలు, ఉత్తరాలు రాసుకునే కాగితాలు, గ్రామఫోన్ రికార్డులు కూడా వచ్చాయి. పేరు జాకీ కూగన్. చార్లీ చాప్లిన్ ‘ద కిడ్’ సినిమా చూసినవారెవరూ ఆ పసివాణ్ని మర్చిపోలేరు. రాయి విసిరి కిటికీ అద్దం పగలగొట్టి పారిపోతే, వెనకాలే అద్దాలు బిగించే చాప్లిన్ వచ్చేవాడే, వాడే!

ఆ పిల్లాడే 23 ఏళ్ల వయసులో కన్నతల్లి మీద కోర్టుకెక్కాడు. నేను సంపాదించిందంతా ఏమైందని అడిగాడు. జవాబు వింటే గుండె చివుక్కుమంటుంది. అతని దగ్గరికి వచ్చేముందు, అసలు సినిమా మొహానికి బజారులో వెల ఎలా వచ్చిందో చూడాలి.

పేరు చెబితే జీతం పెంచమంటారని

మొదట్లో సినిమాలో నటించేవాళ్ల పేర్లు బయటికి చెప్పేవారే కాదు. సినిమా అంటే ఇన్ని అడుగుల ఫిల్ము, ఫలానా కంపెనీ సరుకు, అంతే. పేరు తెలిస్తే జనం గుర్తుపడతారు, గుర్తుపడితే జీతం పెంచమంటారు. అదీ కంపెనీల భయం. బయోగ్రాఫ్ కంపెనీలో నటించే ఫ్లోరెన్స్ లారెన్స్‌ను ప్రేక్షకులు ‘బయోగ్రాఫ్ అమ్మాయి’ అని పిలుచుకునేవారు. 1909లో కార్ల్ లెమ్లీ అనే నిర్మాత ఆమెను తన కంపెనీలోకి లాక్కున్నాడు. ఆమె ట్రామ్ ప్రమాదంలో చనిపోయిందని పుకారు. వెంటనే ‘అది పచ్చి అబద్ధం’ అంటూ పత్రికలో లెమ్లీ ప్రకటన. తర్వాత ఆమెను సెయింట్ లూయిస్ నగరానికి తీసుకెళ్లి జనం ముందు నిలబెట్టాడు. చూడ్డానికి విరగబడ్డారు. ఆ పుకారు పుట్టించింది కూడా లెమ్లీయేనని చెబుతారు. అనుమానించడానికి కారణం లేకపోలేదు మరి!

పేరుకు విలువుందని తెలిశాక పత్రికలు ఊరుకుంటాయా? 1912లో ఎడిసన్ కంపెనీ, ‘లేడీస్ వరల్డ్’ అనే ఆడవాళ్ల మాసపత్రిక కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాయి. మేరీ అనే అమ్మాయి కథ ప్రతి నెలా పత్రికలో వస్తుంది, అదే కథ థియేటర్లో సినిమాగా వస్తుంది. ‘తర్వాత మేరీకి ఏమవుతుంది?’ అన్నది పాఠకులు ఊహించి రాయాలి. సరిగ్గా రాసినవారికి 100 డాలర్ల బహుమతి. పత్రిక చదివినవాళ్లు సినిమాకి, సినిమా చూసినవాళ్లు పత్రికకి. ఇద్దరికీ లాభమే. నటి మేరీ ఫుల్లర్ పేరు ఇంటింటా తెలిసిపోయింది.

ఆ మరుసటి ఏడాది చివర్లో ‘షికాగో ట్రిబ్యూన్’ దినపత్రిక ఇదే పని ఇంకాస్త పెద్దగా చేసింది. సెలిగ్ కంపెనీ తీసిన ‘ద అడ్వెంచర్స్ ఆఫ్ కాత్లిన్’ సీరియల్ కథను పత్రికలో వేస్తూ, అదే సమయంలో థియేటర్లలో భాగాలు భాగాలుగా విడుదల చేయించింది. ఈ కాత్లిన్ కథ జరిగేదెక్కడో తెలుసా? మన దేశంలోనే! తండ్రిని వెతుక్కుంటూ వచ్చిన అమెరికా పిల్ల ‘అల్లాహా’ అనే సంస్థానానికి ఇష్టం లేకుండానే రాణి అవుతుంది. అలాంటి సంస్థానం మన పటంలో ఎక్కడా లేదు లెండి. పులులు, ఏనుగులు మాత్రం నిజమైనవే. సెలిగ్‌కి సొంతంగా ఓ జంతుశాల ఉండేది. భాగం చివర్లో కాత్లిన్ ప్రాణం మీదికి వస్తుంది, మిగతాది తర్వాత వారాల్లో. పత్రిక అమ్మకాలు పెరిగాయి. అది చూసి మిగతా పత్రికలకి నిద్ర పట్టలేదు. 1914లో హర్‌స్ట్ పత్రికలు, పాథే కంపెనీ కలిసి ‘ద పెరిల్స్ ఆఫ్ పాలిన్’ తెచ్చాయి. పాఠకుల పోటీకి మొత్తం 25 వేల డాలర్ల బహుమతులు ప్రకటించాయి. వారం వారం సీరియల్ కోసం ఎదురుచూసే అలవాటు మనకి టీవీతో వచ్చిందనుకుంటాం గానీ, దాని వేళ్లు పత్రికలూ సినిమాలూ కలిసి చేసిన ఈ కాపురంలో ఉన్నాయి.

చార్లీ జ్వరం

1914 ఫిబ్రవరిలో ఒక కొత్త వేషం తెర మీదికి వచ్చింది. బిగుతు కోటు, వదులు ప్యాంటు, పాదాలకన్నా పెద్ద బూట్లు, తలకన్నా చిన్న టోపీ, చేతికర్ర, ముక్కు కింద చిటికెడు మీసం. ఏడాది తిరిగేసరికి అమెరికా మొత్తానికి చార్లీ జ్వరం పట్టుకుంది. 1915లో ఒక సినిమా పత్రిక దానికి ‘చాప్లినైటిస్’ అని రోగం పేరు లాంటి పేరు కూడా పెట్టింది. చార్లీ బొమ్మలు, చార్లీ మీద పాటలు, చార్లీ డ్యాన్సులు. పత్రికల్లో చార్లీ కార్టూన్లు వేసినవారిలో ఒకాయన, ఇ.సి. సీగర్, తర్వాత కాలంలో పాలకూర తినే పొపాయ్‌ని సృష్టించాడు. ఊరూరా చార్లీలా నడిచే పోటీలు. తర్వాత పెద్ద హాస్యనటుడైన బాబ్ హోప్ కుర్రాడిగా క్లీవ్‌లాండ్‌లో అలాంటి పోటీ గెలిచానని చెప్పుకునేవాడు.

థియేటర్ల ముందు చార్లీ అట్ట బొమ్మ ఒకటి నిలబెట్టేవారు. దాని మీద ‘ఇవాళ నేనిక్కడ ఉన్నాను’ అన్న ఒక్క ముక్క రాసి ఉండేది. సినిమా పేరు కూడా అక్కర్లేదు. మన ఊళ్లలో హీరోల నిలువెత్తు కటౌట్లకి పాలాభిషేకాలు చేసేవాళ్లకి ఆ అట్టబొమ్మ ముత్తాత అవుతుంది.

ఇన్ని వస్తువులు అమ్ముడుపోతుంటే చాప్లిన్‌కి ఎంత ముట్టింది? చాలామటుకు ఏమీ లేదు. 1915లో లూయీ ఆంబర్గ్ అనే బొమ్మల సంస్థ చార్లీ బొమ్మ చేసింది. అతను పనిచేస్తున్న ఎస్సెనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది కాబట్టి అది పద్ధతిగా చేసిన పనే. మిగతావాళ్లలో ఎంతోమంది ఎవర్నీ అడగలేదు. మొహం కాపీ కొడితే తప్పని చెప్పే చట్టం అప్పటికి సరిగ్గా లేదు. అన్న సిడ్నీ చాప్లిన్ తమ్ముడి వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నాక బొమ్మలవాళ్ల దగ్గర రాయల్టీ వసూలు చేయడానికి నడుం కట్టాడు. కానీ ఎంతమంది వెంట పడతాడు? అయినా చాప్లిన్‌కి లోటేమీ రాలేదు. 1916లో మ్యూచువల్ కంపెనీ అతనికి ఏడాదికి 6 లక్షల 70 వేల డాలర్లు ఇచ్చింది. అప్పుడతని వయసు 26.

వస్తువులే కాదు, మనుషులు కూడా నకిలీలు తయారయ్యారు. బిల్లీ వెస్ట్ అనే నటుడు చార్లీ వేషంలోనే బోలెడు సినిమాలు చేశాడు. తర్వాత లారెల్-హార్డీ జంటలో లావుపాటాయనగా పేరు తెచ్చుకున్న ఆలివర్ హార్డీ అందులో కొన్నింటిలో విలన్. ఇంకొకాయన మరీ తెగించాడు. చార్లెస్ అమడార్ అనే ఆ నటుడు ‘చార్లీ యాప్లిన్’ అని పేరు పెట్టుకున్నాడు! చాప్లిన్ కోర్టుకి వెళ్లాడు. ఆ మీసం, ఆ కర్ర, ఆ బూట్లు చాప్లిన్ కన్నా ముందే ఎవరెవరో వాడారని అమడార్ వాదన. అది నిజం కూడా. కానీ జనం మోసపోయేలా మరొకరి పాత్రను, పేరును దించేయడం కుదరదంది కోర్టు. 1925లో చాప్లిన్ గెలిచాడు, 1928లో పైకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ఒక నటుడి తెరమీది రూపం అతని సొత్తేనని చెప్పిన తొలి తీర్పుల్లో ఇదొకటి.

తెర ముందు పాట, బజారులో మట్టి

మూకీ అంటే హాల్లో నిశ్శబ్దం అనుకోవద్దు. తెర ముందు పియానో ఉండేది, పెద్ద ఊళ్లలో అయితే పూర్తి వాద్యబృందమే. అది ఆధారంగా మరో వ్యాపారం పుట్టింది. 1918లో మేబుల్ నార్మాండ్ నటించిన ‘మిక్కీ’ సినిమా కోసం అదే పేరుతో ఒక పాట కట్టి, అట్ట మీద ఆమె ఫొటో వేసి స్వరాలు అచ్చువేసి అమ్మారు. ఇంట్లో పియానో ఉన్న ప్రతి కుటుంబం కొనుక్కుంది. పాట విన్నవాళ్లు సినిమాకి వెళ్లారు. సినిమా చూసినవాళ్లు పాట కొన్నారు. 1928లో ‘రమోనా’ పాటకి రేడియో, గ్రామఫోన్ కూడా తోడయ్యాయి. మన దగ్గర టాకీలొచ్చాక సినిమా హాలు గుమ్మం దగ్గర అమ్మిన పాటల పుస్తకం గుర్తుందా? గులాబీ రంగు, పచ్చ రంగు పల్చటి కాగితం మీద పాటలు, ముందు క్లుప్తంగా కథ, చివర్లో ‘మిగతా వెండితెరపై చూడుడు’. వరస అదే, స్వరాల బదులు సాహిత్యం, అంతే తేడా.

మూకీల రోజుల్లో మన దేశంలో బొమ్మల వ్యాపారం అంతగా లేదు గానీ ప్రచారంలో మనవాళ్లు తక్కువ తినలేదు. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ తీసిన దాదాసాహెబ్ ఫాల్కే, నాటకాలకు అలవాటుపడ్డ జనానికి సినిమా గొప్పతనం ఎలా చెప్పాడో చూడండి. ఇది 57 వేల ఫొటోలు, రెండు మైళ్ల పొడుగున్న బొమ్మ, అన్నీ కలిపి మూడు అణాలకే అని ప్రకటన ఇచ్చాడు! కథ గురించి ఒక్క మాట లేదు. దక్షిణాదిన ఎడ్లబండికి పోస్టర్లు కట్టి, బ్యాండు మేళంతో వీధులు తిప్పి, కరపత్రాలు పంచేవారు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టిన మన మచిలీపట్నం రఘుపతి వెంకయ్య నాయుడి నాటి ప్రేక్షకులు సినిమా కబురు తెలుసుకుంది ఇలాంటి బండ్ల వల్లే. ఆ బండి తర్వాత మైకు రిక్షాగా, ఆటోగా మారింది. వెనకాల పరిగెత్తే పిల్లలు మాత్రం మారలేదు.

అమెరికాలో ఇదంతా 1920ల నాటికి ఒక శాఖగా మారిపోయింది. ప్రతి పెద్ద కంపెనీ థియేటర్ యజమానులకి ‘ప్రెస్ బుక్’ అని ఒక పుస్తకం పంపేది. ఏ దుకాణంతో ఎలా మాట్లాడుకోవాలో, కిటికీలో ఏ ఫొటో పెట్టించాలో అందులో ఉండేది. ఉదాహరణకి చెప్పుల దుకాణం తన అద్దాల బీరువాలో హీరోయిన్ ఫొటో పెడుతుంది, కింద సినిమా పేరు, థియేటరు పేరు. దుకాణానికి జనం, థియేటర్‌కి ప్రచారం. డబ్బు చేతులు మారక్కర్లేదు. ఈ పని చూసే శాఖకి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఎక్స్‌ప్లాయిటేషన్’ విభాగం. బొమ్మను పూర్తిగా వాడుకోవడం అన్న మంచి అర్థంలోనే పెట్టారు. కానీ ఆ మాటకి దోపిడీ అనే అర్థం కూడా ఉంది కదా!

నటులు కూడా ఈ కిటుకు త్వరగానే పట్టుకున్నారు. అమ్మాయిల కలల రాకుమారుడు రుడాల్ఫ్ వాలెంటినో 1922లో తన కంపెనీతో గొడవపడి సినిమాలు మానేశాడు. మరి ఇల్లు గడిచేదెలా? మన ముల్తానీ మట్టి లాంటి ‘మినరలావా’ అనే మొహానికి పూసే మట్టి తయారుచేసేవాళ్లు అతన్నీ, భార్య నటాషా రాంబోవానూ దేశమంతా తిప్పారు. ఊరూరా ఇద్దరూ డ్యాన్సు చేయడం, ఈ మట్టి వల్లే మా చర్మం ఇలా ఉందని చెప్పడం, ఆ ఊరి అందగత్తెను ఎంపిక చేయడం. చివరికి అలా గెలిచిన 88 మందిని న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నిలబెట్టి పోటీ పెట్టారు. సినిమా లేకపోయినా మొహం అమ్ముడుపోతుందని తేలిపోయింది. తన మొహాన్ని తానే అమ్ముకుని ఆ డబ్బు తానే తీసుకున్న అదృష్టవంతుల్లో వాలెంటినో ఒకడు.

పిల్లి నడిచింది, యజమాని గెలిచాడు

మొహం మనిషిదే కానక్కర్లేదు. 1919లో ఫెలిక్స్ అనే నల్ల పిల్లి కార్టూన్ తెర మీదికి వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని దీర్ఘాలోచనలో పచార్లు చేసే పిల్లి. 1920ల్లో మిక్కీ మౌస్ పుట్టకముందు ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద కార్టూన్ స్టార్ అదే. 1923లో ఇంగ్లండులో దాని నడక మీద పాట వచ్చి ఊపేసింది. చెక్కతో కీళ్లు కదిలేలా చేసిన ఫెలిక్స్ బొమ్మలు పిల్లల చేతుల్లో ఉండేవి. 1928లో న్యూయార్కులో టీవీ ప్రయోగాలు చేస్తున్న ఇంజినీర్లకి ఆ వేడి దీపాల ముందు గంటల తరబడి కూర్చునే మనిషి దొరకలేదు. కాగితపు గుజ్జుతో చేసిన ఫెలిక్స్ బొమ్మను తిరిగే గ్రామఫోన్ పళ్లెం మీద నిలబెట్టి ప్రసారం చేశారు. టీవీ తెర మీద కనిపించిన తొలి తారల్లో పిల్లి కూడా ఉందన్నమాట.

ప్రతి సినిమా మీదా పేరు స్టూడియో యజమాని పాట్ సలివన్‌ది. బొమ్మల హక్కుల డబ్బు ఆయనకే. స్టూడియోలో కూర్చుని ఆ సినిమాలు గీసి నడిపించింది మాత్రం ఒట్టో మెస్మర్ అనే జీతగాడు. అంతకుముందు చాప్లిన్ మీద కార్టూన్ సినిమాలు గీసిన అనుభవం అతనిది. ఫెలిక్స్ ఆలోచించే తీరులో చార్లీ తొంగిచూస్తాడంటే ఆశ్చర్యం లేదు. 1933లో సలివన్ చనిపోయాడు. మెస్మర్‌కి పిల్లి మీద హక్కు రాలేదు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో కదిలే కరెంటు బల్బుల ప్రకటనలు గీస్తూ చాలా ఏళ్లు గడిపాడు. అతని పేరు సినిమా చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కేసరికి ముసలివాడైపోయాడు. ఫెలిక్స్ పుట్టుక గురించి సలివన్ పక్షాన వాదించేవాళ్లు ఆస్ట్రేలియాలో ఇప్పటికీ ఉన్నారు. ఎందుకంటే సలివన్ ఆ దేశంవాడు.

ఇలాంటి దెబ్బే ఇంకొకాయనకీ తగిలింది. 1927లో ఒక కుర్ర కార్టూనిస్టు ఓస్వాల్డ్ అనే కుందేలును తయారుచేశాడు. ఓస్వాల్డ్ పేరుతో చాక్లెట్ వచ్చింది, బ్యాడ్జి వచ్చింది, బొమ్మలు దిద్దుకునే అచ్చులు వచ్చాయి. అతనికి పైసా రాలేదు. హక్కులన్నీ యూనివర్సల్ కంపెనీవి. 1928లో ఇంకాస్త ఎక్కువ డబ్బు అడగడానికి వెళ్తే కుందేలు చేజారింది, కింద పనిచేసే చిత్రకారుల్లో ఎక్కువమంది కూడా. ఆ కుర్రాడి పేరు వాల్ట్ డిస్నీ. అదే ఏడాది నవంబరులో మిక్కీ మౌస్‌ను వదిలినప్పుడు హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మరుసటి ఏడాది పిల్లల రాత పుస్తకాల అట్ట మీద మిక్కీని వేసుకుంటానని ఒకాయన వచ్చి 300 డాలర్లు చేతిలో పెట్టాడట. మిక్కీ వస్తువుల సామ్రాజ్యానికి అది బోణీ. ఓస్వాల్డ్ మాత్రం 2006లో గానీ డిస్నీ కంపెనీ గూటికి తిరిగి రాలేదు. ఒక క్రీడా వ్యాఖ్యాతను వేరే టీవీ సంస్థకి వదిలిపెట్టి, బదులుగా కుందేల్ని తెచ్చుకున్నారు. వస్తుమార్పిడి అంటే ఇదే!

డిస్నీ పెద్దవాడు. మోసపోయాడు, నేర్చుకున్నాడు. నాలుగేళ్ల పిల్లాడైతే?

‘ఏడవకపోతే అనాథాశ్రమమే’

జాకీ 1914 అక్టోబరులో పుట్టాడు. తండ్రి జాక్ కూగన్ నాటకశాలల్లో డ్యాన్సరు. ఒక రోజు లాస్ ఏంజెలిస్ ఆర్ఫియమ్ థియేటర్లో తండ్రితో పాటు వేదిక మీదికి వచ్చిన పసివాడు చాప్లిన్ కంట పడ్డాడు. ఏం చేసి చూపిస్తే అది దించేసే పిల్లాడు. ‘ద కిడ్’లో వారానికి 75 డాలర్ల జీతం. అనాథాశ్రమం వాళ్లు పిల్లాణ్ని బండిలో ఎత్తుకుపోయే ఘట్టంలో వాడు గుక్కపట్టి ఏడవాలి. ఎంత చెప్పినా ఏడుపు రాలేదు. అప్పుడు తండ్రి పక్కకి తీసుకెళ్లి, ఏడవకపోతే నిన్ను నిజంగానే అనాథలుండే చోట వదిలేస్తానన్నాడట. వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. చాప్లిన్ ఈ సంగతి తన ఆత్మకథలో రాశాడు. ఓదార్చబోతే, నాన్న ఊరికే అన్నాడని నాకు తెలుసులే అని చెవిలో చెప్పాడట ఆ బుడతడు.

1921లో సినిమా విడుదలైంది. జాకీ ప్రపంచానికి ముద్దుబిడ్డ అయిపోయాడు. ‘ఆలివర్ ట్విస్ట్’ లాంటి సినిమాలు వరసగా వచ్చాయి. 1923లో మెట్రో కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టినందుకే 5 లక్షల డాలర్లిచ్చింది. వెన్న డబ్బాల నుంచి ఈలల దాకా అన్నిటి మీదా వాడి పేరు ఆ రోజుల్లోదే. చివరికి జుట్టు కత్తిరించడం కూడా వ్యాపారమే. పదమూడో ఏట అడుగుపెట్టి ఆ గిరజాలు తీసేయాల్సి వస్తే, ‘జానీ గెట్ యువర్ హెయిర్ కట్’ అని 1927లో దాని మీదే ఒక సినిమా తీశారు!

1924లో పదేళ్లయినా నిండకుండా జాకీ చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. యుద్ధం వల్ల దిక్కులేని వారైన ఆర్మీనియా, గ్రీసు పిల్లల కోసం నియర్ ఈస్ట్ రిలీఫ్ సంస్థ తరఫున అమెరికా, యూరప్ తిరిగాడు. తిండి, బట్టలు, డబ్బు రూపంలో 10 లక్షల డాలర్లకు పైగా విలువైన సాయం పోగైంది. పోప్ పిలిచి ఆశీర్వదించారు. ఊరి పిల్లల కడుపు నింపడానికి పనికొచ్చిన ఆ మొహం మీద వచ్చిన సొంత డబ్బు ఎక్కడుందో ఆ పిల్లాడికి తెలియదు. తెలియాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు. అమ్మానాన్నలు చూసుకుంటున్నారు కదా! అతని చేతికి వచ్చేది వారానికి ఆరుంపావు డాలర్ల చేతిఖర్చు. 21 ఏళ్లు నిండగానే అంతా నీదేనని నాన్న అంటాడనే ధీమా.

1935 మేలో, 21 నిండడానికి ఐదు నెలల ముందు, వాళ్ల కారు ప్రమాదానికి గురైంది. తండ్రి పోయాడు, కారులో ఉన్న మిగతావాళ్లూ పోయారు. బతికి బయటపడింది జాకీ ఒక్కడే. తర్వాత తల్లి, కుటుంబ వ్యవహారాలు చూసే ఆర్థర్ బెర్న్‌స్టీన్‌ను పెళ్లి చేసుకుంది. పుట్టినరోజు వచ్చింది, వెళ్లింది. డబ్బు రాలేదు. 1938 ఏప్రిల్‌లో జాకీ కోర్టు గుమ్మం తొక్కాడు.

చిన్నప్పటి నుంచి అతని సంపాదన 30, 40 లక్షల డాలర్ల మధ్య ఉంటుందని అంచనా. తల్లి, సవతితండ్రి పక్షం వాదన ఒక్కటే. మైనరు సంపాదన తల్లిదండ్రులదే. నిజానికి కాలిఫోర్నియా చట్టం అప్పుడు అదే చెప్పేది. పొలంలో, కొట్లో అమ్మానాన్నలకి సాయం చేసే పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసుకున్న చట్టమది. వెన్న డబ్బా మీద మొహం పెట్టుకున్న పిల్లాడు వస్తాడని రాసినవాళ్లకేం తెలుసు! కోర్టు లెక్క తీస్తే మిగిలింది సుమారు రెండున్నర లక్షల డాలర్లే. మిగతాదంతా ఖర్చయిపోయింది. అందులో సగం, 1 లక్షా 26 వేల డాలర్లు, జాకీకి దక్కింది. చేతిలో డబ్బాడని ఆ రోజుల్లో అతనికి సాయపడిన వారిలో చాప్లిన్ ఉన్నాడు.

పేపర్లన్నీ ఈ కేసే రాశాయి. తాము వెన్న డబ్బాలు కొన్న పిల్లాడికి ఇలా జరిగిందా అని జనం మండిపడ్డారు. 1939లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. బాలనటుల సంపాదనలో కొంత విడిగా దాచాలి. అందరూ దాన్ని ‘కూగన్ చట్టం’ అనే పిలిచారు. అందులో కన్నాలు చాలానే ఉన్నాయి. కోర్టు ఆమోదించిన ఒప్పందాలకే వర్తించేది. 2000 సంవత్సరం నుంచి ఆ కన్నాలు పూడ్చి, సంపాదనలో 15 శాతం పిల్లల పేర బ్యాంకులో వేయడం తప్పనిసరి చేశారు.

మన దగ్గర? పాటల పోటీలకీ, డ్యాన్సు పోటీలకీ, సీరియళ్లకీ పిల్లల్ని తీసుకెళ్లే అమ్మానాన్నలు ఈ సంగతి తెలుసుకోవాలి. 2017లో బాలకార్మిక చట్టానికి కొత్త నిబంధనలు వచ్చాయి. సినిమాలో గానీ టీవీలో గానీ పిల్లలు నటిస్తే, వచ్చిన దానిలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్లల పేర ఫిక్సెడ్ డిపాజిట్ వేయాలి. మేజరయ్యాక అది వాళ్లకే ఇవ్వాలి. రోజుకి ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు.

జాకీ తర్వాత యుద్ధానికి వెళ్లాడు, తిరిగొచ్చి చిన్నాచితకా వేషాలు వేశాడు. లావయ్యాడు, జుట్టు ఊడింది. 1964లో మొదలైన ‘ద యాడమ్స్ ఫ్యామిలీ’ టీవీ సీరియల్లో నోట్లో బల్బు పెట్టుకుని వెలిగించే బోడిగుండు అంకుల్ ఫెస్టర్‌గా మళ్లీ ఇంటింటా తెలిసిపోయాడు. ఆ బోడిగుండులో ‘ద కిడ్’ను గుర్తుపట్టినవాళ్లు తక్కువే. ఆ సీరియల్ నడుస్తుండగానే దుకాణాల్లోకి అంకుల్ ఫెస్టర్ బొమ్మలు వచ్చాయి. యాభై ఏళ్ల వయసులో జాకీ కూగన్ రెండోసారి పిల్లలు ఆడుకునే బొమ్మ అయ్యాడు.